పోయని కడ్డీ

కొలిమికి కరెంటు పోయిందన్న కబురు మొదట నాకు తెచ్చింది మా మేస్త్రీ భార్య. కొత్తపేట రైతుబజారులో కూరలమ్మే మనిషి. ఆ రోజు తెలంగాణ బంద్. భర్తకు సద్ది ఇద్దామని ఎల్బీనగర్ అవతలి మా షెడ్డుకు వెళ్లి, బస్సులు లేక అక్కడినుంచి మన్సూరాబాదులోని మా ఇంటిదాకా నడిచే వచ్చింది. ఎవరికీ కాలలేదని చెప్పాకనే నా ప్రాణం కుదుటపడింది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

మాది చిన్న ఫౌండ్రీ. బాయిలర్లకు వాడే కంచు వాల్వులు పోతపోసేవాళ్లం. ఒకసారి కరిగించిన లోహాన్ని ఒక కరుగు అంటారు. ప్రతి కరుగులోంచీ వాల్వులతోపాటు ఒక కడ్డీ కూడా పోయాలి. ఆ కడ్డీని సాగదీసి, తెగేదాకా లాగి పరీక్షిస్తారు. తెగేలోపు తగినంత బలం తట్టుకుంటేనే మాకు ఆర్డరిచ్చే కంపెనీ వాల్వులు తీసుకుంటుంది. కరుగుకో నంబరు. ఆ నంబర్లు పుస్తకంలో రాయడం నా పని. నేను బడికి వెళ్లలేదు. మా అమ్మ దేవుడి గదిలో కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలు గుండ్రంగా వచ్చాయని మావారు నాకే అప్పగించారు.

మేస్త్రీ చల్లబడుతున్న లోహాన్ని ఎలాగో అచ్చుల్లోకి పోశాడు. కడ్డీకి మిగల్లేదు. వాల్వులు పైకి నున్నగానే ఉన్నాయి, లోపల గుల్లయితే మాత్రం ఆవిరి ఒత్తిడికి పగిలిపోతాయి. మళ్లీ పోద్దామంటే రాగి, తగరం తెచ్చే లారీ బంద్ వల్ల దారిలో ఆగిపోయింది. అప్పటికే రెండు గడువులు తప్పాం. మూడోది తప్పితే ఆ కంపెనీ మాకు ఉండదు, అది లేకపోతే షెడ్డే ఉండదు.

మర్నాడు మావారు అంతకుముందటి కరుగులో మిగిలిన కడ్డీ ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. దీన్నే నిన్నటి కరుగు కింద రాయమన్నారు. రాశాను. దేవుడి దీపం ఎదుట కూర్చునే రాశాను, దాచను.

కడ్డీ మీద నంబరు గుద్దాల్సింది మేస్త్రీ. మా ఇంటికి పిలిపిస్తే వచ్చాడు గాని సుత్తి ముట్టలేదు. మీ బందే మా కొంప ముంచిందని మావారు కోప్పడ్డారు.

"బంద్ మాదే సార్, ఒప్పుకుంట. గా కడ్డీ మాత్రం గీ కరుగుది కాదు," అన్నాడు.

తరువాత నా వైపు తిరిగి నెమ్మదిగా, "ఆవిరి గొట్టం కాడ నిలబడేటోడు నా లెక్క కూలోడేనమ్మా. జర ఆ రాత కొట్టేయుండ్రి," అన్నాడు.

షెడ్డు పోతే ముందు పోయేది తన పనేనని అతనికి తెలుసు. నేను మావారి ముఖం చూశాను. ఆయన కిటికీ వైపు తిరిగారు. కొట్టేశాను.

ఆర్డరు వేరే ఊరికి పోయింది. వాల్వుల్ని పాత కంచు కింద అమ్మేశాం. షెడ్డు తలుపు మళ్లీ తెరవలేదు. ఇరవై ఏళ్లు లోహం పోసిన చేతులతో మేస్త్రీ చంపాపేటలో ఒక అపార్టుమెంటు గేటు తీశాడు. రాష్ట్రం వచ్చిందని మిఠాయి తెచ్చిచ్చిన రోజుకే దగ్గు ముదిరింది. ఆ చలికాలం దాటలేదు.

మావారు ఆ తరువాత ఏ పనిలోనూ నిలదొక్కుకోలేదు. నా రాత వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, నాకు మిగిలింది అంతే. అది మేస్త్రీ పెట్టిన భిక్ష.

మీ ఇంట్లో దీపం వెలిగించేటప్పుడు, సుత్తి ముట్టని ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.