నలభై రోజుల బెట్ట

ఏదైనా విన్న రోజే చేసి చూడాలనే పిచ్చి నాది. రేపు చేద్దాంలే అనుకుంటే విన్నది పాచిపోతుందని నా నమ్మకం. స్కూటీ తోలడం పొద్దున నేర్చుకుని సాయంత్రానికి శింగనమల దాకా పోయొచ్చాను. మోకాలు చెక్కుకుపోయింది, అది వేరే సంగతి. ఇంటర్‌తో చదువు ఆగిపోయినదాన్ని కాబట్టి ఎవరు నాలుగు ముక్కలు చెప్పినా ఆశగా వింటాను, విన్నది వెంటనే చేసేస్తాను. ఈ గుణం వల్లే బాగుపడ్డానని చాలాకాలం గర్వపడ్డాను. మా నాయన తోటకు నేనేం చేశానో చెప్పాలంటే ముందు ఆ గర్వం సంగతి చెప్పక తప్పదు.

నన్ను ఊళ్లోనే ఇచ్చారు. అమ్మ పోయినప్పటి నుంచి పగలంతా నాయనతో పాటు తోటలోనే ఉండేదాన్ని. ఎనభై చీనీ చెట్లు. కోస్తా వాళ్లు బత్తాయి అంటారే, అవి. మాది ఎర్ర గరపనేల, గునపం వేస్తే మట్టికంటే ముందు రాయి పలుకుతుంది. చెట్లు చిన్నవిగా ఉన్నప్పుడు రెండు వేసవులు బోరు ఎండిపోతే, ట్యాంకరు నీళ్లు తెప్పించి బిందెలతో ఒక్కొక్క చెట్టుకూ మోసి పోశాడు నాయన. ఆయన నడుము వంగింది అప్పుడే. ఈ చెట్లు పోతే మళ్లీ నాటి పెంచే వయసు ఆయనకు లేదు. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు, ఎప్పుడూ బయటికి అనుకోలేదు.

రైతులకు శిక్షణ అని ఎక్కడ క్లాసు పెట్టినా పోయేదాన్ని. చెట్ల మొదళ్లలో శనక్కాయ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుందని ఒకసారి చెప్పారు. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా తోటకు పోయి పరిచాను. వారం తర్వాత పొట్టు కింద చెయ్యి పెట్టి చూస్తే మట్టి చల్లగా ఉంది. ఇంకోసారి డ్రిప్పు పైపుల చివర మూతలు తీసి లోపలి బురద వదలగొట్టమన్నారు. ఆ పొద్దే వదలగొట్టాను, అంతవరకు చుక్క పడని చెట్లకు కూడా నీళ్లు పడ్డాయి. నాయన మొదట్లో "ఏందిమ్మా ఈ ఆటలు" అని నవ్వేవాడు. రానురాను నవ్వడం మానేశాడు. పక్కతోట మామతో "మా పాప సెప్తే తప్పు పోదప్పా" అని అంటుంటే ఒకసారి నా చెవులారా విన్నాను. ఆ రాత్రి నాకు అన్నం కూడా అక్కర్లేకపోయింది, అంత సంతోషం.

పోయిన చలికాలం మొదట్లో రాప్తాడులో చీనీ రైతులకు ఒక రోజు క్లాసు జరిగింది. ఆ పొద్దు చెప్పింది బెట్ట గురించి.

బెట్ట అనే మాట మా వైపు ఎవరూ నవ్వుతూ పలకరు. వాన మొహం చాటేసి, పైరు నిలువునా ఎండడం మొదలైతే దాన్ని బెట్ట అంటాం. చిన్నప్పుడు ఆ మాట వినబడితే పెద్దవాళ్లు మాట్లాడడం ఆపేసేవాళ్లు. అలాంటిది ఆ సారు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, "బెట్టను మనమే పెట్టాలి" అన్నాడు. కొన్నాళ్లు నీళ్లు ఆపేస్తే చీనీ చెట్టు ఆకు ముడుచుకుంటుంది, కొంత ఆకు రాలుస్తుంది. తర్వాత నీళ్లిస్తే ఒక్కసారిగా పూత పూస్తుంది. నలభై రోజులు ఆపిన తోట ఫొటో చూపించాడు. చెట్టు తెల్లగా పూసి ఉంది. నోటుబుక్కులో "నలభై రోజులు" అని రాసి రెండు గీతలు గీశాను.

మధ్యాహ్నం భోజనాలకు లేచారు. తిన్నాక ఇంకో క్లాసు ఉందన్నారు. నాకు మనసు నిలవలేదు. ఒంటిగంట బస్సు పట్టుకుంటే పొద్దు ఉండగానే తోటలో ఉండొచ్చు. అన్నం తినేసి చెయ్యి కడుక్కుని బయటపడ్డాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మిగతావాళ్లు ఇంకా కుర్చీల్లో కునికిపాట్లు పడుతుంటారని నవ్వుకున్నాను కూడా.

నాయన మోటారు గది దగ్గర కూర్చుని ఉన్నాడు.

"బెట్టనా? దాన్ని మనమే పిల్సుకుంటామా పాపా?"

"పిల్సుకోడం కాదు నాయనా. నీళ్లు నిలిపితే చెట్టు భయపడి పూత పెడ్తాదంట."

"ఎన్ని దినాలు?"

"నలభై."

ఆయన వంగి మట్టి పిడికెడు తీసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి గరప రాలిపోయింది.

"ఈ నేలకా?"

"సారు సెప్పినాడు. రాసుకొని వచ్చినా, సూడు."

నాయనకు చదువు రాదు. అయినా ఆ రెండు గీతల వంక చాలాసేపు చూశాడు. "నువ్వు సెప్తే సరే" అని లేచి మోటారు ఆపేశాడు. పక్కతోట మామకు కూడా అప్పుడే గట్టు మీద నిలబడి పాఠం చెప్పాను. ఆయన తోట మాకంటే పల్లంలో ఉంటుంది. మరుసటి రోజు ఆయన కూడా నీళ్లు ఆపాడు.

పన్నెండో రోజుకు ఆకులు ముడుచుకున్నాయి. సారు చెప్పింది జరుగుతోందని నేను సంబరపడ్డాను. డ్రిప్పు చుక్కల కోసం వచ్చే పిచ్చుకలు రావడం మానేశాయి. తోటలో అడుగు పెడితే కాళ్ల కింద ఆకుల చప్పుడు తప్ప మరేదీ వినిపించేది కాదు. ఇరవయ్యో రోజు దాటాక ఆ చప్పుడు ఎక్కువైంది. నాయన మధ్యాహ్నం సద్ది చెట్టు కింద తినడం మానేసి ఇంటికి తెచ్చుకుని తినేవాడు. ఎందుకని అడిగితే, "ఆడ కూసొని నీళ్లు తాగాలంటే సిగ్గయితాందిమ్మా" అన్నాడు.

"రోంత నీళ్లు ఇడుద్దామా? ఒక పొద్దు. అంతే."

"ఇడిస్తే ఇన్నాళ్ల బెట్ట దండగ అయితాది నాయనా."

ఇది చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. ఇరవై ఎనిమిదో రోజో, ముప్పయ్యో రోజో నేను తోటకు పోయేసరికి నాయన ఒక చెట్టు మొదట్లో గొంతుకూర్చుని ఉన్నాడు. తాగడానికి తెచ్చుకున్న బాటిల్లో మిగిలిన నీళ్లు ఆ చెట్టుకు పోస్తున్నాడు. నేను అరిచాను. ఒక్క చెట్టుకు తడి తగిలినా పూత ఎగుడుదిగుడుగా వస్తుందని, చెప్పింది చెప్పినట్టు చెయ్యకపోతే నేను ఇంత దూరం పోయి నేర్చుకోవడం ఎందుకని అరిచాను. ఆయన దొంగతనం చేస్తూ దొరికినవాడిలా మూత బిగించుకుని లేచాడు. తిట్టినా బాగుండేది.

నలభయ్యో రోజు పొద్దున్నే మోటారు వేశాను. పొద్దుగూకే దాకా ఆపలేదు. రెండు వారాల్లో పూత వచ్చింది. ఆకు లేని కొమ్మల మీద తెల్లగా, దగ్గరదగ్గరగా, చూడడానికి భయం వేసేంత పూత. నేను భయపడలేదు. ఫొటోలు తీసి క్లాసువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎవరెవరో చప్పట్లు పెట్టారు.

"ఆకు లేకుండా పువ్వేందిమ్మా?" అన్నాడు నాయన.

"సారు సెప్పింది ఇదే నాయనా."

పది రోజులకు పువ్వు మొత్తం రాలిపోయింది. తర్వాత కొమ్మల కొసలు నల్లబడడం మొదలై కిందికి దిగుతూ వచ్చింది. రోజుకు జానెడు. గోటితో బెరడు గీరితే పచ్చదనం ఎక్కడా కనబడేది కాదు. సారుకు ఫోన్ చేశాను.

"మీది ఏ నేలమ్మా?"

"ఎర్రది సార్, గరప."

"నలభై రోజులు నల్లరేగడికి కదమ్మా. గరపనేలకు పదైదు, ఇరవై రోజులు దాటొద్దని, మొదటి తడి కొంచెంగా ఇయ్యాలని మధ్యాహ్నం అంతా అదే చెప్పినా కదా. నువ్వు లేవా?"

ఫోన్ పెట్టేశాను.

పక్కతోట మామది పల్లం, నల్లరేగడి. ఆయన చెట్లు నిండుగా ఆకుతో, ఆకు సందుల్లో పువ్వుతో నిలబడ్డాయి. ఆ వాసన గట్టు దాటి మా ఎండు తోటంతా కమ్ముకునేది. ఆయన ఒకరోజు సంతోషం పట్టలేక వచ్చి "నీ పున్నెమేమ్మా" అని, నా వెనక ఉన్న చెట్లను చూసి మాట మింగేసి వెళ్లిపోయాడు. ఎనభై చెట్లలో పదకొండు మిగిలాయి. మిగతావి కొట్టేయడానికి మిషన్ వచ్చిన రోజు నేను ఇంట్లోనే కూర్చుని చెవులు మూసుకున్నాను. నాయన మాత్రం చివరి చెట్టు దాకా అక్కడే నిలబడ్డాడట.

నన్ను ఆయన ఒక్క మాట కూడా అనలేదు. చెట్లు పోయిన చోట ఈసారికి శనక్కాయ వేద్దామని మాత్రం అన్నాడు. సరేనన్నాను. పోయింది పోయింది, నాయన మామూలుగానే ఉన్నాడు కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

మొన్న మొదటి వాన పడింది. తెల్లారేసరికి ఊళ్లో ట్రాక్టర్ల మోత. వాకిలి ఊడుస్తూ తలెత్తితే ఎదురుగా నాయన. శనక్కాయ వేయడం నేను పుట్టకముందు నుంచీ ఆయన పని. ఏ వానకు విత్తాలో, ఏ వానకు ఆగాలో ఊళ్లో వాళ్లే వచ్చి ఆయన్ని అడిగి పోయేవాళ్లు.

"పాపా, వాన పడింది. ఇత్తనం ఎయ్యచ్చా?"

నాకు అర్థం కాలేదు. "నన్నడుగుతావేంది నాయనా? నీకు తెలీదా?"

"ఏమోమ్మా." ఆయన నా ముఖం వైపు చూడలేదు. "ఆ నలభై దినాల నడమ నీళ్లు ఇడ్సాలని నాకు తెల్సు. మట్టి పట్టుకున్యప్పుడే తెల్సు. తెల్సి కూడా ఇడ్సలేదు. నాకు తెల్సింది తప్పేమో, నువ్వు సదువుకొని వచ్చినావు కదా అనుకున్యా. ఇంగ ఏం పట్టుకున్యా నాకు ఏమీ తెలీడం లేదు. నువ్వే సెప్పు, ఎయ్యల్లా, వద్దా?"

చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. ఊరంతా విత్తుతోంది. నాయన నా మాట కోసం వాకిట్లో నిలబడి ఉన్నాడు.