నాయన రొమ్ములో గుంట

మా నాయన రొమ్ము మధ్యలో ఒక గుంట ఉండేది. తలంటుకునే రోజు అందులో నూనె నిలిచేది. ఆయన పడుకుని ఉంటే నేను అందులో చింతపిక్కలు పోసి ఆడుకునేదాన్ని. ఏడు పట్టేవి. అది నా కోసమే ఉందనుకునేదాన్ని.

నేను పుట్టినప్పుడు బతుకుతానన్న ఆశ లేదట. బిడ్డ దక్కితే భుజాన ఎత్తుకుని కొండెక్కి పుట్టువెంట్రుకలు తీయిస్తానని నాయన మొక్కుకున్నాడు. ఏటా అనుకోవడమే, ఏటా ఆగిపోవడమే. కాస్త మిట్ట ఎక్కితే చాలు, ఆయనకు ఊపిరి అందేది కాదు. నాకు ఆరేళ్లొచ్చాయి. జుట్టు జడలు కట్టింది. వెక్కిరించిన పిల్లల మీద మట్టి విసిరేదాన్ని. నాయనను కన్న మా అవ్వ ఊరుకునేది కాదు. "మొక్కు అట్ల పెట్టుకోగూడదప్పా, బిడ్డకు కీడు" అని రోజూ సతాయించేది.

చివరికి నాయన నన్ను వెంటబెట్టుకుని చిత్తూరు డాక్టరు దగ్గరికి వెళ్లాడు. యుద్ధం రోజులు, రైల్లో నిలబడే చోటు కూడా లేదు. డాక్టరు గొట్టాన్ని ఎడమ చంక కిందికి జరిపి చాలాసేపు విన్నాడు.

"పుట్టుకతోనే రొమ్మెముక లోపలికి వంగి గుండెను పక్కకు నెట్టింది. కష్టం చేసేటప్పుడు అది నిండుగా కొట్టుకోవడానికి చోటు చాలదు. మెల్లిగా నడువు, బరువు మాత్రం ఎత్తొద్దు" అన్నాడు.

తిరిగొస్తూ నాయన, "అవ్వకు చెప్పొద్దు పాపా. తన కడుపులోనే చెడిందని ఏడుస్తాది" అన్నాడు. నేను ఆడుకున్న ఆ గుంట మీద నాకు ఆ రోజే కోపం వచ్చింది.

అయినా ఆ ఏడు నాయన ఆగలేదు. అమ్మ చంటివాడితో ఇంట్లో ఉండిపోయింది. అలిపిరి నుంచి అవ్వ మెట్టు మెట్టుకూ తడి పసుపు పూసి, కుంకుమ పెడుతూ ముందు సాగింది. ఆమె మొక్కు ఆమెది, వెనక్కి తిరిగి చూడదు. నాయన నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. గాలిగోపురం ఇంకా ఎంతో పైన ఉండగానే ఆయన గుండె నా ఎడమ మడమకు తగిలేటట్టు కొట్టుకోసాగింది.

"దించు" అన్నాను.

"మొక్కు పాపా."

"దించకపోతే దూకేస్తా."

దించాడు. మెట్టు మీద కూలబడి ఎగరొప్పసాగాడు. చచ్చిపోతాడేమోనని నేను ఏడ్చాను. తర్వాత చేతులు పట్టుకుని, పది మెట్లకొకసారి కూర్చుంటూ ఎక్కాం. ఎత్తుకొచ్చాడనే అవ్వకు చెప్పాలని ఒప్పందం.

పైన మంగలి ముందు అవ్వ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని నా కాళ్లు చాపింది. అరికాళ్లు రెండూ పచ్చగా ఉన్నాయి, అక్కడక్కడా కుంకుమ. ఆమె పూసిన పసుపే. అవ్వ వాటిని చూసింది. గోడకు ఆనుకుని రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్న నాయనను చూసింది. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

"ఇంత పెద్దబిడ్డకు ఇప్పుడా పుట్టెంట్రుకలు?" అన్నాడు మంగలి.

"వాళ్ల నాయన బుజాన ఎత్తుకొచ్చే మొక్కప్పా. కింద నించి ఎత్తుకొచ్చినాడు, యాడా నేలకు దించలా" అంది అవ్వ. అంటూనే తన కొంగు లాగి నా పాదాల మీద కప్పింది.