సరుగుడు తోపు దగ్గర వణికిన స్టీరింగు

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి చర్చి బయటికి వస్తే, మా మనవరాలి భర్త తన కొత్త పికప్ బండి చూపించాడు. కంపెనీ చక్రాలు తీసేసి, తళతళలాడే వెడల్పాటి చక్రాలు వేయించుకున్నాడట. చూడడానికి బాగానే ఉన్నాయి గానీ, ఎనభై దాటితే చాలు స్టీరింగు చేతుల్లో వణికిపోతోందని, ఎందుకో చెప్పమని అడిగాడు. అతను మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం ఆ మాటకు సరుగుడు తోపు గుర్తొచ్చింది.

అరవైల మొదట్లో సంగతి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. విడవలూరు అవతల, సముద్రపు ఒడ్డున మా బావకు ఒక పాత పికప్ వ్యాను ఉండేది. పొద్దున్నే ఒడ్డుకు చేరిన చేపల్ని మంచుగడ్డల మధ్య సర్ది నెల్లూరు చేరవేయడం నా పని. ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్లు నిలుస్తుందో మీకు తెలియనిది కాదు. చక్రాల రిమ్ములు తుప్పుపట్టి చీలడంతో, మా బావ నెల్లూరులో పాత ఇనుము అమ్మేచోట నాలుగు చక్రాలు సంపాదించుకొచ్చాడు. మిలిటరీ పటాలం లారీలవి, నల్లరంగు పూసి, కొత్తవాటిలా ఉన్నాయి. బోల్టులకు సరిగ్గా కూర్చున్నాయి కాబట్టి ఇంకేమీ చూడకుండా బిగించేశాం.

మా ఊరినుంచి పోయే రోడ్డంతా గుంటలూ మలుపులే. కాలువ పక్కన, సరుగుడు తోపు దగ్గర మాత్రం ఒక మైలు దూరం బద్దలా తిన్నగా ఉండేది. మొదటిరోజు అక్కడికి వచ్చి ముప్పై అయిదు మైళ్ల వేగం అందుకున్నానో లేదో, స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. వణుకంటే చిన్నది కాదు, ఎవరో ఎదురుగా కూర్చుని రెండు చేతులతో దాన్ని పట్టుకుని తమవైపు లాక్కుంటున్నట్టు ఉంది. తోపు దాటి మలుపు దగ్గర వేగం తగ్గించగానే ఆగిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పట్టపగలు, ఎండ కాస్తూ ఉండగానే, సరుగుడు చెట్లు హోరుమంటూ ఉండగానే, నాకు ఆ చోటంటే భయం పట్టుకుంది.

ఎందుకంటే, అంతకు నాలుగు నెలల ముందు సరిగ్గా అక్కడే ఇంకో చేపల వ్యాను కాలువలో పడి, డ్రైవరు చనిపోయాడు. తాగి నడిపాడని అందరూ అన్నారు. చేపలమ్మడానికి గంపలతో వ్యాను వెనక కూర్చుని నెల్లూరు వచ్చే ఆడవాళ్లు ఈ వణుకు సంగతి తెలిశాక తోపుకు ముందే దిగి, ఆ మైలూ నడిచి వచ్చి మళ్లీ ఎక్కేవాళ్లు. ఒక్కామె మాత్రం దిగేది కాదు. ఆ చనిపోయిన డ్రైవరు భార్యే ఆమె. తల మీద కొంగు కప్పుకుని, కదలకుండా, ఆ మైలు పొడుగునా కళ్లు మూసుకుని కూర్చునేది. అద్దంలో ఆమె ముఖం చూడాలంటే నాకు భయం వేసేది.

నేను చూడని చోటు లేదు. టైర్లలో గాలి చూశాను, బేరింగులు విప్పి గ్రీజు పెట్టాను, స్టీరింగు రాడ్లు ఒక్కొక్కటీ ఊపి చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. ఒకరోజు వణుకు మరీ ఎక్కువై, తోపు మధ్యలోనే బండి ఆపేసి దిగాను. ముందు చక్రానికి రెండు నట్లు వేళ్లతో తిప్పితే తిరిగాయి. స్పానరు తెచ్చి బిగిస్తుంటే అది జారి రిమ్ముకు తగిలి, నల్లరంగు పెచ్చు లేచి, కింద ఆకుపచ్చ రంగు బయటపడింది. వ్యాను వెనకనుంచి దిగివచ్చిన ఆ డ్రైవరు భార్య అది చూసి, రోడ్డు మీదే కూలబడి, ఆ ఆకుపచ్చ మీద వేలు పెట్టింది.

“ఇది మా అన్న పడవకేసిన రంగు, అబ్బయా. మిగిలింది తెచ్చి, తుప్పు పట్టకుండా ఈ చక్రాలకి మా ఆయనే పూసినాడు.”

కాలువలోంచి తీసిన ఆ వ్యానును తుక్కు కింద అమ్మేస్తే, దాని చక్రాలే చేతులు మారి మా బండికి వచ్చాయన్నమాట. ఆమె తలెత్తి నా వైపు చూసింది.

“ఈ చక్రాలు ఏసినాకనే చేతుల్లో వణుకు పుడతా ఉండాదని ఆయన చెప్పినాడు. బండి వోనరు నవ్వినాడంట, అది కల్లు వణుకు లేరా అని. ఆయన తాగలేదబ్బయా. ఎవురికి చెప్పినా నమ్మలా.”

ఇంటికొచ్చి మా బావకు చెప్పాను. “ఈ చక్రాలు మనకొద్దురా, ఎవురికన్నా అమ్మి పారేద్దాం” అన్నాడు. “అమ్మితే ఇంకొకడు చస్తాడు బావా. ఒక్క రోజు టైమియ్యి” అన్నాను. అలా ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

జాకీ ఎత్తి, చక్రాన్ని తిప్పుతూ, రిమ్ము అంచుకు సుద్దముక్క ఆనించి పట్టుకున్నాను. చుట్టూ తగలాల్సిన సుద్ద ఒక్కపక్కే గీసింది. రిమ్ము వంకరేమోనని చక్రం విప్పి, ఒక బోల్టు పక్కకు జరిపి మళ్లీ బిగించి తిప్పితే, ఈసారి గీత ఇంకోచోట పడింది. అంటే చక్రం వంకర కాదు, అది కూర్చోవడంలోనే తేడా ఉంది. అప్పుడు చక్రం నడిమి బెజ్జంలోకి చూశాను. లోపల ఇరుసు చివర చక్రం కూర్చునే హబ్బుకూ ఆ బెజ్జానికీ మధ్య ఒకవైపు గోరు దూరేంత సందు ఉంది. పెద్ద లారీకి చేసిన చక్రం చిన్న బండి హబ్బు మీద నట్ల బిగువుతో వేలాడుతోంది తప్ప నడిమిన కూర్చోలేదు. వేగం పెరిగితే వణికేది అందుకే. అంత వేగం అందుకోవడానికి మా దారిలో ఆ ఒక్క మైలే ఉంది కాబట్టి వణుకు అక్కడే వచ్చేది. ఆ వణుకుకే నట్లు వదులయ్యేవి.

మర్నాడు వ్యానును ఆమె ఊరికి తీసుకుపోయి, పెద్దల ముందు జాకీ ఎత్తి, సుద్ద గీసి చూపించాను. ఆ వ్యాను ఎలా పడిందో నేను కళ్లారా చూడలేదని, ఈ చక్రాలతో మాత్రం తాగనివాడు కూడా పడతాడని చెప్పాను. ఒక ముసలాయన లేచి ఆమె దగ్గరికి వెళ్లి, “తప్పయిపోయిందమ్మా” అన్నాడు. ఆమె ఏడవలేదు.

నెల్లూరులో లేతు మిషను మేస్త్రి చేత ఆ సందుకు సరిపడా ఇనుప రింగులు చేయించి, లోపల తొడిగి చక్రాలు బిగించాను. తిరిగి బయల్దేరిన మొదటిరోజు ఆమె ముందు సీట్లో కూర్చుంటానంది. తోపు వచ్చింది. ముప్పై అయిదు, నలభై. స్టీరింగు రాయిలా నిలిచింది. ఆమె చెయ్యి చాచి దాని మీద పెట్టింది.

“ఏం లేదా అబ్బయా?”

“ఏం లేదక్కా.”

“ఇన్ని దినాలూ ఆయన ఈడనే ఉండాడనుకున్నా” అంటూ చెయ్యి తీసేసుకుని, నెల్లూరు చేరేదాకా కిటికీలోంచి కాలువ వైపే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఆమె మా వ్యాను ఎక్కలేదు.

ఇప్పుడా తోపు లేదు, రొయ్యల గుంటలున్నాయి. రోడ్డు పొడుగునా ఎంత వేగమైనా పోవచ్చు. ఏ చక్రంలో ఎంత తేడా ఉందో యంత్రమే అంకెల్లో చెప్పేస్తుంది, ఎవరూ దేనికీ భయపడనక్కర్లేదు. మా మనవరాలి భర్తనూ ముందు ఆ నడిమి సందు చూపించుకోమన్నాను. ఆ రింగులు వేయించినందుకు నేనెన్నడూ బాధపడలేదు. కానీ ఆ రోజు ఆమె అడిగినప్పుడు, లేదని అంత గబుక్కున చెప్పకుండా ఉండాల్సిందని ఈ వయసులో అనిపిస్తోంది.