ఒక్క అడ్రస్, మొత్తం దవాఖాన

2023లో కొత్తగూడ దగ్గర ఒక చిన్న కంపెనీలో నెట్‌వర్క్ అడ్మిన్‌గా ఉండేవాణ్ణి. ఆసుపత్రుల స్కానింగ్ చిత్రాలను భద్రపరిచి, డాక్టర్లు అడగగానే చూపించడం మా పని. సర్వర్ల ముందు బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఫైర్‌వాల్ ఉండేది. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో దాని రూల్స్ చెబుతాయి.

పాస్‌వర్డ్ ఐదుసార్లు తప్పు కొట్టిన ఇంటర్నెట్ అడ్రస్‌ను టేబుల్‌లో వేసే స్క్రిప్ట్ ఒకటి రాశాను. టేబుల్ అంటే ఫైర్‌వాల్ ఆగకుండానే మార్చుకోగల నిషేధ జాబితా. అది పనిచేసిన రోజు ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను, కాస్త గర్వంగానే.

ఒక ఉదయం ఒక ఆసుపత్రి స్కానింగ్ విభాగం నుంచి రజిత ఫోన్ చేసింది.

"సార్, ఒక్క స్కాన్ గూడ తెరుచుకుంటలేదు! తలకు దెబ్బ తగిలిన పేషెంట్ థియేటర్ల ఉన్నడు. బొమ్మ సూడంది డాక్టర్ సాబ్ కత్తి పట్టడంట. జర జల్ది చెయ్యుండ్రి."

టేబుల్‌లో వాళ్ల అడ్రస్ ఉంది. అక్కడెవరో పాస్‌వర్డ్ మరిచిపోయారు. ఆసుపత్రి కంప్యూటర్లన్నీ బయటికి ఒకే అడ్రస్‌తో వస్తాయి కాబట్టి, ఒకరి పొరపాటుకు నా స్క్రిప్ట్ అందరికీ తలుపు మూసేసింది.

కంగారులో రూల్స్ మొత్తం తుడిచేసే కమాండ్ టైప్ చేశాను. ఎంటర్ కొట్టేలోపే పక్క సీట్లోని మా సీనియర్ నర్సింగ్ రావు గారు నా మణికట్టు పట్టుకున్నారు. బాలానగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేసి, తర్వాత ఈ విద్య నేర్చినవారు; నా ప్రార్థనలు చూసి నన్ను పాస్టర్ అని ఆటపట్టించేవారు.

"ఏందయ్యా పాస్టర్ సాబ్, ఒక్కడు బయట చిక్కిండని గోడలన్నీ కూలగొడ్తవా? దొంగలు గిదే సందు జూస్తరు. ఇటు జరుగు."

ముందుగా ఆయన, పది నిమిషాల తర్వాత పాత రూల్స్ వాటంతటవే తిరిగి వచ్చేలా టైమర్ పెట్టారు.

"పేషెంట్ బల్ల మీద ఉన్నాడండీ! ఇప్పుడు టైమర్ ఎందుకు?"

"నేను తప్పు గొడితే మనమే బయట చిక్కుతం. అప్పుడెవడు తెరుస్తడు?"

తర్వాత ఆ ఒక్క అడ్రస్‌ను టేబుల్ నుంచి తీశారు. స్క్రిప్ట్ మళ్లీ ఆ అడ్రస్‌ను పట్టుకున్నా దారి మూసుకుపోకుండా, ఆసుపత్రిని రానిచ్చే రూల్‌ను యాంకర్‌లో పెట్టారు. యాంకర్ అంటే అసలు రూల్స్‌ను కదపకుండా కొత్తవి పెట్టుకునే విడి అర.

"ఒచ్చింది సార్, బొమ్మ ఒచ్చింది!" ఫోన్‌లో రజిత కేక.

అప్పుడు ఆయన తాపీగా టైమర్ రద్దు చేశారు. ఆపరేషన్ బాగా జరిగిందని సాయంత్రం తెలిసి కళ్లు మూసుకుని ప్రార్థించాను.

నర్సింగ్ రావు గారు మా చర్చి సంఘంవారు కారు, హనుమంతుడి భక్తులు. నేను రూల్ రాసేటప్పుడు తప్పు చేసేది ఎదుటివాడే అనుకున్నాను. ఆయన తన తప్పుకు ముందు ఏర్పాటు చేసుకుని, ఆ తర్వాతే చెయ్యి కదిపారు. దీనమనసు గురించి చిన్నప్పటినుంచీ ఎన్నో ప్రసంగాలు విన్నాను. పనిలో అదెలా ఉంటుందో ఆ రోజే చూశాను.