కరెంటు లేని పూట మగ్గం మోత

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. ఇది రాస్తున్నది భయంతో కాదు, కోపంతో.

మాది పళ్ళిపట్టు పక్క. మా నాయన ముప్పై ఏళ్ళు కరెంటు మగ్గాల షెడ్డులో పనిచేశాడు. నూలు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైపోయాయి. తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆయన ఛాతీకి రూపాయి బిళ్ళంత సెన్సార్ అంటించారు. రెండు రోజులు ఊపిరి చప్పుడు రికార్డు చేస్తుందట. అది విన్నాకే మందు మొదలుపెడతామన్నారు. షెడ్డు వైపు మాత్రం పోవద్దన్నారు.

మూడో రోజు టెక్నీషియన్ కంప్యూటర్లో పెట్టి వినిపించాడు. స్క్రీన్ మీద మంగళవారం, పగలు పదకొండు అని ఉంది. ఊపిరి వినబడకుండా మగ్గం మోత.

"షెడ్డుకు పోయినాడు. అంతా వేస్ట్. వచ్చే నెల రండి" అని పది మంది ముందర కసిరాడు. డాక్టరును కూడా చూడనివ్వలేదు. రుజువుగా ఉంచుకోమని ఆ ముక్క నా ఫోనుకు పంపాడు.

వాణ్ణి నిలదీయాల్సింది. నేను నాయన మీద పడ్డాను. జ్వరంలో కూడా తెగిన పోగు ముడెయ్యడానికి దొంగతనంగా షెడ్డుకు పోయిన మనిషి మరి.

"నేను ఇల్లు దాటలేదు పాపా. ఆ దినం కరెంటే లేదు" అన్నాడు రైల్లో.

"సాకులు చెప్పొద్దు నాయనా" అన్నాను. తిరుత్తణి వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

వచ్చే నెల రాకముందే పోయాడు.

పలకరించడానికి వచ్చిన షెడ్డు ఓనర్ని అడిగాను. "మంగళవారం యాడ ఆడింది మగ్గం? సాయంత్రం దాకా షట్‌డౌన్ కదమ్మా" అన్నాడు. షెడ్డుకు జనరేటర్ కూడా లేదు. ఫోన్లో వెతికితే కరెంటాఫీసు మెసేజ్ కనబడింది, తొమ్మిది నుంచి ఐదు వరకని. ఆ రోజు నేను ఊళ్ళో లేను, వచ్చిన మెసేజ్ తెరిచి కూడా చూడలేదు.

వేరే ఎవరి రికార్డో కలిసిపోయిందనుకుందామంటే, నా ఫోన్లోని ఆ ముక్క మధ్యలో అమ్మ గంజికి పిలుస్తుంది, నాయన ఊ కొడతాడు. మోత ఒక్కసారి ఆగుతుంది, తెగిన పోగు ముడేసేంత సేపు. మళ్ళీ మొదలవుతుంది.

ఆస్పత్రికి పోయి ఇదంతా చెబితే, మిషను తప్పయ్యుంటుందిలే అన్నాడు ఆ టెక్నీషియన్. ఆ మాట ఆ రోజే అనుంటే మందు మొదలయ్యేది.

ఆ మోత ఎక్కణ్ణించి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. నాయన ఇల్లు దాటలేదు, అది మాత్రం తెలుసు. ఆ మాట ఆయనతో అనలేకపోయాను.