వరండా చివర చాచిన చేతులు

నేను నర్సుగా చేరిన కొత్తలో, ఇందుకూరుపేట దగ్గర సముద్రపొడ్డున ఉన్న పల్లెపాళెంలో వృద్ధుల నడక వేగం కొలవడానికి వెళ్లాం. వరండా గోడకు బిగించిన యంత్రం ముందు నడిస్తే చాలు, వేగం దానంతటదే తెరమీద కనిపిస్తుంది.

పోలమ్మ అనే ముసలావిడ అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. వరండా చివర నిలబడి, “రా అమ్మా, నా దగ్గరికి రా!” అని చేతులు చాచాను.

ఆమె ఒక్కసారిగా పరుగందుకుంది. చేతికర్ర పడిపోయినా ఆగలేదు. నా చేతులు గట్టిగా పట్టుకుని, “అందినావు తల్లీ! ఈసారి అందినావు!” అంది.

“సునామీ రోజు మా ఆడబిడ్డ ఇట్నే చేతులు చాపింది మేడమ్. మా అత్త అందుకునేలోపల ఆ పిల్లని అల లాక్కుపోయినాది,” అంది పక్కనే ఉన్న పోలమ్మ కోడలు.

యంత్రం మాత్రం నడక చాలా బాగుందని చూపించింది. ఆ అంకె రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ తర్వాత ఏ పెద్దావిడనూ ఎదురుగా నిలబడి రమ్మని పిలవలేదు.