పైకి చదువుకునే గది

మా యూనివర్సిటీ లైబ్రరీ రెండో అంతస్తును విద్యార్థులకు అనువుగా మార్చాలనుకున్నప్పుడు ఆ పని నాకు అప్పగించారు. అప్పటికి నేను లైబ్రేరియన్‌గా కోల్‌కతా వచ్చి పదేళ్లు దాటింది. ఆర్కిటెక్టు తెచ్చిన నమూనాలో సోఫాలు, అద్దాల గదులు, కుండీల్లో మొక్కలు ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అయినా అసలు పిల్లలు ఎక్కడ కూర్చుంటున్నారో, ఎలా చదువుతున్నారో కళ్లతో చూశాకే సంతకం పెడదామని రెండు వారాలు గడువు అడిగాను.

మూడో రోజో నాలుగో రోజో, పాత పేపర్ల బీరువాల వెనక గొణుగుడు వినిపించింది. ఒక అమ్మాయి పుస్తకం పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ చదువుతోంది. అలవాటు కొద్దీ "ష్!" అన్నాను. ఉలిక్కిపడి నోరు మూసుకుంది. సరిగ్గా అప్పుడే నా ఫోన్ హాలంతా వినబడేలా మోగింది. విజయవాడ నుంచి అమ్మ. "తర్వాత చేస్తానమ్మా" అని గబుక్కున పెట్టేశాను.

ఆ అమ్మాయి మొహం విప్పారింది. "మీరు తెలుగోలేటి మేడం?"

వాళ్లది శ్రీకాకుళం వైపు. తాతల నాడే కోల్‌కతా రేవు పక్కనున్న గార్డెన్ రీచ్ వచ్చి స్థిరపడ్డారు. తండ్రి రేవులో పనిచేస్తాడు. తల్లి ఆ పక్కపేట మెటియాబ్రుజ్‌లోని దర్జీలకు ఇంట్లోనే కూర్చుని కాజాలు కుట్టి ఇస్తుంది. ఉండేది ఒకటే గది.

"ఇంట్లో చదువుకోవచ్చుగా?" అన్నాను.

"నాన్న డ్యూటీ దిగొచ్చి పగలు పడుకుంటారు మేడం. నోరిప్పితే అమ్మ తిడతాది. ఇక్కడ నోరిప్పితే మీరు తిడతారు. పైకి సదివితేగాని నాకు బుర్రకెక్కదు."

"మరి ఎక్కడ చదువుతున్నావు?"

"బస్టాపులో. అక్కడ అందరూ అరుస్తారు కదా, నన్నెవలు పట్టించుకుంటారు?"

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆ తర్వాత కళ్లు తెరుచుకుని చూస్తే మెట్ల మీద, డాబా మీద, సైకిళ్ల షెడ్డు పక్కన, ఎక్కడ చూసినా పెదాలు కదుపుతూ తిరిగే పిల్లలే. మా నమూనాలో వాళ్లకు చోటే లేదు.

మా పెద్ద లైబ్రేరియన్‌కి రిటైర్మెంట్ దగ్గర పడింది. బెంగాలీ ఆయన. అందరం 'దాదా' అంటాం, అన్నయ్య అని. ఆయన అడుగుల చప్పుడుకే హాలు సద్దుమణిగేది. విషయం చెప్పగానే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పైకి చదవడానికి ఒక గదా? ఇది లైబ్రరీనా, చేపల బజారా?"

"ఒక్కసారి పరీక్షించి చూద్దాం దాదా. బయటికి చప్పుడు వస్తే మళ్లీ అడగను."

మూలన పాత బైండింగు గది ఉంది. గోడలు మందం. అందులోని విరిగిన కుర్చీలు బయటపడేసి, ఎనిమిదిమంది పిల్లల్ని లోపలికి పంపి తలుపు మూశాను. దాదా హాల్లో కూర్చున్నారు. రెండు నిమిషాల్లో తలుపు పైనున్న వెంటిలేటర్‌లోంచి ఎకనామిక్స్ డిమాండ్ సూత్రాలు, సంస్కృత వ్యాకరణం, రసాయన సమీకరణాలు కలగాపులగంగా హాల్లోకి దిగాయి. హాలంతా పగలబడి నవ్వింది. దాదా నవ్వలేదు. నా వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయారు.

ఇక ఈ మాట ఎత్తకూడదనుకున్నాను. మర్నాడు ఆ అమ్మాయే వచ్చి, "అమ్మని తీసుకురానా మేడం? గుడ్డముక్కలతో ఆవిడ కుట్టిన బొంత కప్పుకుంటే పిలిచినా వినపడదు" అంది.

తల్లి కొలతలు తీసుకోడానికి వచ్చింది. యూనివర్సిటీ లోపలికి రావడం ఆవిడకి అదే మొదటిసారట. కాసేపు పుస్తకాల వంకే చూస్తూ నిలబడింది. తర్వాత వెంటిలేటర్, తలుపు జానలతో కొలిచి, గదిలో మొదటి పరీక్షకి మేం వేసిన బల్లల్ని చూసి ఆగింది.

"ఏటమ్మా, ఇన్ని బల్లలేసీసినారు? మా పిల్ల సదివినప్పుడు కూకోదు, తిరుగుతాది. ఇంట్లోన తిరిగితే వాళ్ల నాన్న కాళ్లు తొక్కీస్తాది."

రెండు వారాలు పిల్లల్ని గమనించిన నాకు ఆ ముక్క తట్టనే లేదు. బల్లలన్నీ తీయించి, పుస్తకం ఆనించుకోడానికి గోడ వెంబడి మోచేతి ఎత్తులో ఒక చెక్క మాత్రం పెట్టించాను. వెంటిలేటర్‌కి, తలుపుకి బొంతలు కుట్టే పని ఆవిడకే ఇచ్చాం. ఎరుపు, పసుపు, నీలం ముక్కలతో అవి ఎంత బాగున్నాయంటే, ఆర్కిటెక్టు వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. అడగనన్న మాట తప్పి నేను మళ్లీ బతిమాలితే, రెండోసారి పరీక్షకి దాదా తలుపు పక్కనే కుర్చీ వేసుకుని చెవి ఒగ్గి కూర్చున్నారు. చివరికి "సరే" అన్నారు, అంతే.

గది తెరిచిన రోజు పాతికమంది లోపలికొచ్చి గోడలకి అంటుకుని నిలబడ్డారు. ఎవరూ నోరు విప్పరు. ఆ అమ్మాయి కూడా పుస్తకం తెరిచి నా వంకే చూస్తోంది. ఇన్నేళ్లు మేం నేర్పిన మౌనం మరి!

అప్పుడు దాదా లోపలికొచ్చారు. ఒకరి చేతిలోంచి బెంగాలీ పద్యాల పుస్తకం తీసుకుని, గొంతు సవరించుకుని, గది దద్దరిల్లేలా చదవడం మొదలెట్టారు. అంత నిండైన గొంతు ఆయనకి ఉందని మాలో ఎవరికీ తెలీదు. రెండో పద్యం సగంలో ఉండగా ఆ అమ్మాయి నడవడం మొదలుపెట్టి ఎకనామిక్స్ అందుకుంది. తర్వాత ఒక్కొక్కరే. ఆ గోలలో దాదా పద్యం ఎవరికీ వినిపించలేదు. అయినా ఆయన పుస్తకం మూయలేదు, చివరిదాకా చదివారు.

పరీక్షల రోజుల్లో ఆ గది ముందు వరసలో నిలబడాల్సి వస్తోంది. మొన్న ఆ అమ్మాయే ఎం.ఏ. పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చి నిలదీసింది: "ఇంకో గది ఎప్పుడు తెరుస్తారు మేడం? నడవడానికి చోటే లేదు!"